విశాఖ ఇసుకలో మెటల్ డిటెక్టర్ సరదా: ఏ మెషీన్ కొనాలి, ఏది వద్దు

మెటల్ డిటెక్టర్ కొంటున్నానని మన వైపు ఎవరితో అన్నా ముందు వచ్చే ప్రశ్న ఒకటే: "గుప్తనిధులకా?" పాడుబడ్డ గుళ్ళలో నంది కింద తవ్వుతూ దొరికిపోయిన ముఠాల వార్తలు చదివీ చదివీ ఈ మెషీన్ పేరెత్తితేనే జనానికి అనుమానం. ఆ అనుమానంలో కొంత న్యాయం కూడా ఉంది, చట్టం దగ్గరికి వచ్చినప్పుడు చెప్తాను. కానీ పొద్దున్నే బీచ్‌కి వెళ్ళి, చెవికి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, ఇసుకలో జారిపోయిన చిల్లరా ఉంగరాలూ వెతుక్కోవడం అనే సరదా వేరు. వైజాగ్‌లో ఉన్నవాళ్ళకి దానికి కావలసినంత ఇసుక ఉంది.

సమస్య సలహాల దగ్గర వస్తుంది. నెట్‌లో దొరికే కొనుగోలు సలహాలు చాలావరకు ఇంగ్లండ్ పొలాలనీ అమెరికా పార్కులనీ దృష్టిలో పెట్టుకుని చెప్పినవి. వాటిని నమ్మి కొన్న మెషీన్ ఆర్కే బీచ్‌లో అల తాకిన ఇసుక మీద పెట్టగానే ఆగకుండా కూస్తుంది. కొన్నవాళ్ళు మెషీన్ పాడైందనుకుంటారు. అది పాడవలేదు, ఆ ఇసుకకి తగినది కాదు, అంతే. అందుకే ఈ ఊళ్ళో ధర, లోతు, స్క్రీన్ సైజు అన్నీ తర్వాత. తడి ఇసుక మీద మెషీన్ నోరు మూసుకుని ఉంటుందా లేదా అన్నది మొదట చూడాలి.

ముందు మన ఇసుక సంగతి

పాత స్పీకర్‌లోంచి తీసిన అయస్కాంతాన్ని ఒక పాలిథిన్ కవర్లో చుట్టి, భీమిలి రోడ్డులో ఏ బీచ్‌కైనా వెళ్ళండి. అల వెనక్కి వెళ్ళాక ఇసుక మీద నల్లటి చారలు కనిపిస్తాయి. అయస్కాంతాన్ని వాటి మీదుగా ఓసారి ఈడ్చి పైకి తీస్తే, కవర్ చుట్టూ నల్లటి రేణువులు గడ్డంలా నిక్కబొడుచుకుని ఉంటాయి. భీమిలి తీరంలో ఇల్మనైట్, గార్నెట్, మోనజైట్ లాంటి బరువైన ఖనిజాలున్న సంగతి బీచ్ శాండ్ మైనింగ్ వార్తల పుణ్యమా అని ఈ ఊళ్ళో అందరికీ తెలుసు. అయస్కాంతానికి గట్టిగా పట్టుకునేది మాత్రం ముఖ్యంగా మాగ్నెటైట్. డిటెక్టర్‌కి పెద్ద తలనొప్పి కూడా అదే.

డిటెక్టర్ కాయిల్, అంటే కర్ర చివరి పళ్ళెంలో ఉండే తీగచుట్ట, నేలలోకి అయస్కాంత క్షేత్రాన్ని పంపుతూ ఉంటుంది. దారిలో లోహం ఉంటే అందులో చిన్న విద్యుత్ సుడులు పుడతాయి. వాటి నుంచి తిరిగి వచ్చే బలహీనమైన సంకేతాన్ని ఇంకో కాయిల్ పట్టుకుంటుంది. పంపినదానికీ వచ్చినదానికీ మధ్య ఎంత ఆలస్యం జరిగిందన్న దాన్ని బట్టి అది వెండా, ఇత్తడా, ఇనుమా అని మెషీన్ అంచనా వేస్తుంది. ఉప్పునీళ్ళలో కూడా కరెంటు పారుతుంది కాబట్టి తడి ఇసుక మొత్తం పల్చటి అల్యూమినియం రేకు ఇచ్చే సంకేతానికి దగ్గరగా పలుకుతుంది. నల్ల ఇసుక మరో రకంగా పలుకుతుంది. నేల గోలని తీసేయడానికి మెషీన్లలో గ్రౌండ్ బ్యాలెన్స్ అనే ఏర్పాటు ఉంటుంది. ఒకే ఫ్రీక్వెన్సీ (ఆ క్షేత్రం సెకనుకి ఎన్నిసార్లు ఊగుతుందన్న లెక్క) మీద పనిచేసే మెషీన్‌లో దాన్ని ఉప్పుకి సరిచేస్తే నల్ల ఇసుక అరుస్తుంది, నల్ల ఇసుకకి సరిచేస్తే ఉప్పు అరుస్తుంది. మన తీరంలో రెండూ ఒకే చోట ఉంటాయి.

పొడి ఇసుకలో ఈ బాధ చాలా తక్కువ. మురీ మిక్చర్ బళ్ళ వెనక, జనం కూర్చుని లేచే చోట ఏ మోస్తరు మెషీన్ అయినా నడుస్తుంది. చిల్లర అక్కడే ఎక్కువ రాలుతుంది. నగలు జారేది మాత్రం నీటి అంచున. కార్తీక పౌర్ణమికీ, శివరాత్రి జాగరణ మర్నాడూ సముద్ర స్నానాలకి వచ్చే వేలమందిని తలుచుకోండి. మెట్టెలు, పట్టీలు, ఉంగరాలు ఊడేది అక్కడ, అలల తోపులాటలో. పొడి ఇసుకతో సరిపెట్టుకుంటారా, తడి అంచుకి కూడా వెళ్తారా అన్నది ముందే తేల్చుకుంటే సగం ఎంపిక అయిపోయినట్టే.

చవక మెషీన్లు

ఆన్‌లైన్ షాపుల్లో ఎండీ-4030, ఎండీ-6350 లాంటి పేర్లతో కనిపించే చైనా మెషీన్లు ఇవి. పిల్లల పుట్టినరోజుకి కొనిస్తే తప్పులేదు. పెరట్లో పోయిన తాళంచెవి, గోడలోపలి మేకు వెతకడానికి పనికొస్తాయి. తడి ఇసుక మీద మాత్రం దేనికీ పనికిరావు, పొడి ఇసుకలో కూడా జానెడు లోతుకే చేతులెత్తేస్తాయి. "పది అడుగుల లోతు" అని డబ్బా మీద ఉంటే నవ్వుకుని ముందుకి వెళ్ళండి. లోతు పెరిగేకొద్దీ సంకేతం ఎంత ఘోరంగా పడిపోతుందంటే, చిన్న వస్తువు రెట్టింపు లోతులో ఉంటే తిరిగొచ్చే సంకేతం సుమారు అరవై నాలుగో వంతు అవుతుంది. మంచి మెషీన్‌కి కూడా రూపాయి బిళ్ళంత వస్తువు ఇరవై, ఇరవై అయిదు సెంటీమీటర్ల లోతులో దొరికితే అది మంచి రోజే.

ఇంకో సరుకు ఉంది: చేతిలో రెండు కడ్డీలో, ఒక యాంటెన్నానో పట్టుకుంటే అర కిలోమీటరు దూరంలోని బంగారాన్ని చూపిస్తుందని అమ్మే "లాంగ్ రేంజ్" లొకేటర్లు. లక్షల్లో అమ్ముతారు. లోపల ఏమీ ఉండదు. ఇదే బాపతు ఏడీఈ 651 అనే పరికరాన్ని బాంబు డిటెక్టర్‌గా ఇరాక్‌కి అమ్మిన జేమ్స్ మెకార్మిక్ అనే వ్యాపారికి 2013లో బ్రిటన్ కోర్టు పదేళ్ళ జైలు శిక్ష వేసింది. అది పోయిన గోల్ఫ్ బంతులు వెతకడానికంటూ అమ్మిన ఒక బొమ్మ పరికరానికి మారువేషం. గుప్తనిధుల ఆశ ఉన్నవాళ్ళకి మన దగ్గర అమ్ముడయ్యే కడ్డీలు కూడా ఆ జాతివే.

ఒకే ఫ్రీక్వెన్సీ మెషీన్లు

అసలైన హాబీ మెషీన్లు ఇక్కడ మొదలవుతాయి. వీటిని వీఎల్ఎఫ్ (వెరీ లో ఫ్రీక్వెన్సీ) అంటారు. అమెరికా కంపెనీ గ్యారెట్ వాళ్ళ ఏస్ 250 (6.5 కిలోహెర్ట్జ్), టర్కీ కంపెనీ నోక్టా వాళ్ళ సింప్లెక్స్ (12 కిలోహెర్ట్జ్), గ్యారెట్ ఏటీ ప్రో (15 కిలోహెర్ట్జ్) ఈ కోవలోవి. మామూలుగా తక్కువ ఫ్రీక్వెన్సీ పెద్ద వెండి వస్తువులకి మంచిది, ఎక్కువ ఫ్రీక్వెన్సీ చిన్న బంగారానికి మంచిది.

పొడి ఇసుకకే పరిమితం అయ్యేవాళ్ళకి ఇవి చాలు. ఏస్ లాంటివి నాలుగు పెన్సిల్ సెల్స్‌తో నడుస్తాయి, అయిపోతే ఏ కిరాణా కొట్లోనైనా దొరుకుతాయి. బటన్లు తక్కువ, నేర్చుకోవడం తేలిక. వీటిలో ఒకటి ఎంచుకోమంటే నేను సింప్లెక్స్ వైపే మొగ్గుతాను. మూడు మీటర్ల వరకు నీళ్ళలో మునిగినా ఏమీ కాదు, బీచ్ మోడ్ కూడా ఉంది. ఆ బీచ్ మోడ్ తడి ఇసుకలో కూతలు తగ్గిస్తుంది, నిజమే. కానీ సెన్సిటివిటీ (చిన్న సంకేతాన్ని కూడా పట్టే చురుకు) తగ్గించుకుంటే తప్ప కుదురుగా నడవదు, దాంతో సన్న ఉంగరం లాంటివి చేజారిపోతాయి. ఏస్‌ని నీటి అంచున వాడాలనుకోవడం మాత్రం ఒట్టి టెన్షన్. కంట్రోల్ బాక్స్‌కి నీటి రక్షణ లేదు, ఒక్క పెద్ద అల వస్తే డబ్బు గంగపాలు.

పల్స్ ఇండక్షన్

ఇవి వేరే పద్ధతిలో పనిచేస్తాయి. కాయిల్‌కి ఒక్క పెట్టున కరెంటు కొట్టి ఆపేస్తాయి. ఆపాక నేలలోంచి వచ్చే ప్రతిస్పందన ఎంతసేపట్లో చల్లారుతుందో వింటాయి. ఉప్పునీటి ప్రతిస్పందన దాదాపు వెంటనే చచ్చిపోతుంది, లోహానిది కాస్త ఎక్కువసేపు నిలుస్తుంది. అందుకని మెషీన్ కాస్త ఆగి వింటే చాలు, ఉప్పు గోల పోతుంది. నల్ల ఇసుక బాధ కూడా చాలా తగ్గుతుంది. లోతు కూడా వీఎల్ఎఫ్ కంటే ఎక్కువ. గ్యారెట్ సీ హంటర్ మార్క్ 2 ఇలాంటిదే, రెండు వందల అడుగుల లోతు నీళ్ళకి తట్టుకునేలా చేశారు.

ఇంత బాగుంటే ఇదే కొనేయొచ్చు కదా అనిపిస్తుంది. చిక్కు ఏమిటంటే ఏ లోహం అన్నది ఇది దాదాపు చెప్పదు. ఇనుప మేకుకీ ఉంగరానికీ ఒకే కూత. బీరు సీసా మూతలు, తుప్పు మేకులు, ఇనుప తీగ ముక్కలు, పెదజాలారిపేట లాంటి చోట్ల వలలకి కట్టే సీసపు గుండ్లు, గాలాలు, అన్నీ తవ్వుతూ పోవాలి. ఒక తడి గుంత తవ్వుతుండగానే అల వచ్చి పూడ్చేస్తుంది, మళ్ళీ మొదలు. తెన్నేటి పార్కు దగ్గర 2020 అక్టోబరులో ఒడ్డుకి కొట్టుకొచ్చిన ఓడ పరిసరాల్లో పల్స్ మెషీన్ పట్టుకుని దిగితే ఆ పూటంతా తుప్పు ఏరుకోవడమే. నడుం గట్టిదై, ఓపిక ఎక్కువైతే రెండో మెషీన్‌గా కొనండి. మొదటిదిగా వద్దు.

మల్టీ ఫ్రీక్వెన్సీ

ఒకేసారి అనేక ఫ్రీక్వెన్సీలు పంపి, వాటి జవాబులు పోల్చి చూసే మెషీన్లు ఇవి. ఉప్పునీరు ఒక్కో ఫ్రీక్వెన్సీ దగ్గర ఒక్కోలా పలుకుతుంది, నల్ల ఇసుక ఇంకోలా, ఉంగరం మరోలా. ఆ తేడాల్ని బట్టి ఉప్పునీ ఇసుకనీ కలిపి తీసేసి మిగిలినదాన్ని చూపిస్తుంది. ఏ లోహమో కూడా చాలావరకు చెబుతుంది. ఒకప్పుడు ఇది ఖరీదైన వ్యవహారం. 2018లో ఆస్ట్రేలియా కంపెనీ మైన్‌ల్యాబ్ ఈక్వినాక్స్ 600, 800 తెచ్చాక మధ్య ధరలోకి దిగింది. తర్వాత అదే కంపెనీ వాన్‌క్విష్ వరసని ఇంకా తక్కువకి తెచ్చింది. నోక్టా లెజెండ్, ఫ్రాన్స్ కంపెనీ ఎక్స్‌పీ వాళ్ళ డ్యూస్ 2 కూడా ఇదే దారి.

"మల్టీ" అన్న మాట చూసి మోసపోవద్దు. కొన్ని మెషీన్లలో చాలా ఫ్రీక్వెన్సీలుంటాయి, కానీ ఒకసారికి ఒకటే పనిచేస్తుంది, మనం మార్చుకోవాలి. మైన్‌ల్యాబ్‌దే ఎక్స్-టెర్రా ప్రో అలాంటిది: 5, 8, 10, 15 కిలోహెర్ట్జ్‌లలో ఒకటి ఎంచుకోవాలి. మంచి మెషీనే, నీళ్ళకీ తట్టుకుంటుంది. కానీ తడి ఇసుకలో దాని కష్టాలు ఒకే ఫ్రీక్వెన్సీ మెషీన్ కష్టాలే. అమ్మేవాణ్ణి "అన్నీ ఒకేసారి పనిచేస్తాయా?" అని సూటిగా అడగండి.

వాన్‌క్విష్ 340, 440ల గురించి కాస్త ఆగి చెప్పాలి, ఎందుకంటే మొదటిసారి కొనేవాళ్ళలో ఎక్కువమందికి ఇవే సరిపోతాయి. బయటి మార్కెట్లో 340 సుమారు రెండు వందల డాలర్ల తరగతిది. షిప్పింగ్, కస్టమ్స్ కలిపాక మన చేతికి వచ్చే ధర చాలా పెరుగుతుంది, అది వేరే ఏడుపు. గ్రౌండ్ బ్యాలెన్స్ తనే చూసుకుంటుంది, మనం తిప్పాల్సింది లేదు. కొత్తవాళ్ళకి అదొక సుఖం. నల్ల చారలు బాగా దట్టంగా ఉన్నచోట అదే లోటు కూడా, మనం సరిచేయడానికి వీలుండదు, కాస్త లోతు కోల్పోతాం. కాయిల్ మాత్రమే నీళ్ళలో మునగొచ్చు, పైనున్న బాక్స్ మునగకూడదు. చీలమండ లోతు వరకు వెళ్ళి వచ్చేవాళ్ళకి ఇది పర్వాలేదు.

మోకాలి లోతు దాకా వెళ్తామంటే ఈక్వినాక్స్‌నో, లెజెండ్‌నో చూడాలి. ఈక్వినాక్స్ 600, 800లూ లెజెండూ మూడు మీటర్ల వరకు, తర్వాత వచ్చిన ఈక్వినాక్స్ 700, 900లు అయిదు మీటర్ల వరకు నీళ్ళకి ఆగుతాయని కంపెనీల మాట. అంత లోతుకి మీరు వెళ్ళకండి. ఆర్కే బీచ్ అడుగు ఎంత నిటారుగా ఉంటుందో, లోపలికి లాగే ప్రవాహం ఎంతమందిని తీసుకుపోయిందో ఈ ఊరివాళ్ళకి చెప్పక్కర్లేదు. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని కిందకే చూస్తూ నడిచేవాడికి వెనక నుంచి వచ్చే అల వినపడదు. నీటి రక్షణకి డబ్బు పెట్టేది ఆ అల మీద పడినప్పుడు మెషీన్ బతకడానికి, ఈతకి కాదు. డ్యూస్ 2 తేలిక, కిలో లోపే. చెయ్యి నొప్పి ఉన్నవాళ్ళకి అది పెద్ద విషయం, కానీ మొదటి మెషీన్‌కి అంత డబ్బు పెట్టమని నేను అనను.

మన చిల్లర వేసే తికమక

విదేశీ సలహాల్లో కనిపించని సంగతి ఇది. అన్ని మెషీన్లలోనూ ఇనుముని వినపడకుండా చేసే డిస్క్రిమినేషన్ ఉంటుంది. అమెరికాలో అది పెట్టుకుంటే మేకులు పోయి నాణేలు మిగులుతాయి. మన దగ్గర పెట్టుకుంటే మేకులతోపాటు రూపాయి బిళ్ళలు కూడా పోతాయి. 1992 నుంచి వచ్చిన రూపాయి బిళ్ళ అయస్కాంతానికి అంటుకునే స్టెయిన్‌లెస్ స్టీలు. ఇందాకటి అయస్కాంతంతోనే చూడండి, టక్కున అతుక్కుంటుంది. 2005 తర్వాతి రెండు రూపాయల బిళ్ళా అంతే. మెషీన్ వీటిని ఇనుము వైపు చూపిస్తుంది, లేదా ఏ లోహమో చెప్పడానికి స్క్రీన్ మీద చూపే అంకె ఒకచోట నిలవకుండా గెంతుతుంది. ఇత్తడి రంగు అయిదు రూపాయలు, పది రూపాయల బిళ్ళ బయటి వలయం, పాత రాగి-నికెల్ రెండు, అయిదు రూపాయలు మాత్రం నిలకడగా పలుకుతాయి. పాత అయిదు, పది, ఇరవై పైసలు అల్యూమినియం. అవి మామూలు రేకు ముక్కల మధ్యలోనే ఎక్కడో కలిసిపోతాయి.

కాబట్టి మన దగ్గర మెషీన్ కొనేముందు ఇసుక మీద ఒక చిన్న పందెం పెట్టాలి. స్టీలు రూపాయి, ఇత్తడి అయిదు రూపాయలు, ఒక వెండి మెట్టె, ఒక బంగారు ఉంగరం, బీరు సీసా మూత, కూల్‌డ్రింక్ డబ్బా చెవి ముక్క. వీటిని దూరదూరంగా పేర్చి, పైన కాయిల్ తిప్పి, ఒక్కొక్కటీ ఏ అంకె, ఏ కూత ఇస్తుందో కాగితం మీద రాసుకోండి. ఒక కంపెనీ అంకెలు ఇంకో కంపెనీకి పనికిరావు. ఈక్వినాక్స్ 600లో పైఅంచు 40 అయితే సింప్లెక్స్‌లో 99. ఉంగరం అంకె, డబ్బా చెవి అంకె దాదాపు పక్కపక్కనే వస్తాయి. బంగారం కావాలంటే అల్యూమినియం చెత్త తవ్వక తప్పదు. దాన్ని తప్పించే మెషీన్ ఎవరూ చేయలేదు.

సన్న గొలుసు ఇంకా కష్టం. మెషీన్‌కి అది ఒక గొలుసుగా కనిపించదు, విడివిడి చిన్న లింకులుగా కనిపిస్తుంది. తులం గొలుసు కంటే రెండు గ్రాముల ఉంగరం తేలిగ్గా పలకడం మామూలే. ముక్కుపుడక మీద ఆశ వదులుకోండి. కొక్కెం లావుగా ఉంటే కొక్కెమే పలుకుతుంది. పెళ్ళి ఉంగరం పోగొట్టుకున్న బంధువులు పిలిచినప్పుడు ధైర్యంగా వెళ్ళండి, గొలుసు అంటే ముందే చెప్పేయండి, దొరక్కపోవచ్చని.

మెషీన్ ఒక్కటే సరిపోదు

బడ్జెట్ అంతా మెషీన్ మీదే పెట్టేసి ఆఖరికి చేతులతో ఇసుక తోడేవాళ్ళని చూస్తుంటాం. ఇసుక తోడడానికి బెజ్జాలున్న స్కూప్ కావాలి. దిగుమతి స్టెయిన్‌లెస్ స్కూప్‌ల ధర వింటే గుండె ఆగుతుంది. గాజువాక ఆటోనగర్‌లో షీట్ మెటల్ పని చేసేవాళ్ళకి బొమ్మ గీసి చూపిస్తే చేసిస్తారు. బెజ్జాలు ఏడెనిమిది మిల్లీమీటర్లు మించొద్దని గట్టిగా చెప్పండి. పెద్దవైతే ఇసుకతోపాటు కమ్మ కూడా జారిపోతుంది. ఇనుప రేకు వద్దు, స్టెయిన్‌లెస్ అడగండి. మన గాలికి ఇనుము ఆర్నెల్లలో తుప్పు. కాలితో తొక్కి గుచ్చేలా పొడుగు కర్ర బిగించుకుంటే వంగే బాధ తప్పుతుంది. పొడి ఇసుకకైతే వంటింటి ప్లాస్టిక్ చిల్లుల గిన్నె సరిపోతుంది.

గుంతలో వస్తువు ఎక్కడుందో చూపే చిన్న చేతి డిటెక్టర్‌ని పిన్‌పాయింటర్ అంటారు. బీచ్‌లో స్కూప్ ఉంటే అది లేకపోయినా నడుస్తుంది, తర్వాత కొనుక్కోవచ్చు. హెడ్‌ఫోన్స్ మాత్రం కావాలి, అలల హోరులో సన్నటి కూత వినపడదు. ఒక చెవి వదిలేసి పెట్టుకోండి. అలల కోసమే కాదు, పలకరింపుల కోసం కూడా. "ఏటి బావూ, బంగారం దొరికిందేటి?" అని అడగని వలవాడు ఉండడు. నవ్వుతూ స్కూప్‌లోని బీరు మూతలు చూపిస్తే స్నేహం కుదురుతుంది. నిన్న ఏ చోట ఇసుక కోసుకుపోయిందో వాళ్ళకి తెలిసినంత ఎవరికీ తెలియదు.

చట్టం, వెళ్ళకూడని చోట్లు

1878 నాటి ఇండియన్ ట్రెజర్ ట్రోవ్ చట్టం ప్రకారం నేలలో దాచి ఉన్న విలువైన వస్తువు ఏదైనా "ట్రెజర్". విలువ పది రూపాయలు దాటితే దొరికినవాళ్ళు కలెక్టర్‌కి రాతపూర్వకంగా చెప్పాలి: ఏం దొరికింది, ఎక్కడ, ఎప్పుడు. ఆ పది రూపాయలు 1878 నాటి పది రూపాయలే, మార్చలేదు. దాచిపెడితే అందులో దొరికినవాళ్ళకి రావలసిన వాటా పోతుంది, ఏడాది వరకు జైలు కూడా పడొచ్చు. వందేళ్ళు దాటిన నాణెం, నగ, విగ్రహం 1972 నాటి పురావస్తువుల చట్టం కిందకి వస్తుంది, దేశం దాటించడం నేరం. ఇవాళ్టి ఉంగరం ఎవరో పోగొట్టుకున్నది కాబట్టి అది కూడా మీది కాదు. జేబులో వేసుకుంటే భారతీయ న్యాయ సంహిత 314వ సెక్షన్ ఉంది. ఫొటో తీసి, చోటు, తేదీ రాసుకుని దగ్గరలోని పోలీస్ స్టేషన్‌లో ఇచ్చి రసీదు తీసుకోవడమే పద్ధతి. ఇది డబ్బు సంపాదించే సరదా కాదని ఇక్కడికి తేలిపోయి ఉంటుంది. అందుకే "పెట్టిన డబ్బు ఎన్నాళ్ళకి వస్తుంది" అన్న లెక్కతో మెషీన్ ఎంచుకోకండి.

పాత బౌద్ధ క్షేత్రాలైన తొట్లకొండ, బావికొండ, పావురాళ్ళకొండ, శంకరం దగ్గరి బొజ్జన్నకొండ, భీమిలిలోని డచ్చివాళ్ళ సమాధులు, వీటి చుట్టుపక్కలకి మెషీన్ తీసుకెళ్ళనే వద్దు. తొట్లకొండ తవ్వకాల్లో శాతవాహనుల సీసపు నాణేలు, రోమన్ వెండి నాణేలు బయటపడ్డాయి. ఒక నాణెం ఏ పొరలో, దేని పక్కన ఉందో దాన్ని బట్టే దాని కథ తెలుస్తుంది, పెరికి తీసేశాక అది ఉత్త లోహపు బిళ్ళ. ఎర్రమట్టి దిబ్బలు కూడా తవ్వకూడని చోటే. ఎలాగూ ఆ మట్టిలో ఇనుప ఆక్సైడ్ దట్టంగా ఉండడంతో మామూలు మెషీన్ అక్కడ తల పట్టుకుంటుంది. నేవీ ప్రాంతాలు, కోస్టల్ బ్యాటరీ వైపు, డాల్ఫిన్స్ నోస్ వైపు అసలు ఆలోచనే వద్దు. పోలీసులు ఆపితే మెషీన్ ఆపేసి, హెడ్‌ఫోన్స్ తీసి, ఆ రోజు దొరికినవి చూపించండి. వెళ్ళమంటే వెళ్ళిపోవాలి.

1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు ఈ ఊరి మీద బాంబులు వేశాయి. అప్పుడు పేలకుండా మిగిలిన బాంబు ఒకటి విశాఖ మ్యూజియంలో ఉంది. పొడుగ్గా, తుప్పుపట్టి, ఫిరంగి గుండులా కనిపించేది ఏదైనా బయటపడితే స్కూప్ అక్కడే వదిలి దూరం జరిగి 112కి ఫోన్ చేయండి.

డిసెంబరు నుంచి ఏప్రిల్ దాకా ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు మన ఇసుకలోనే గుడ్లు పెడతాయి. ఇసుక మీద ట్రాక్టర్ టైరు జాడలాంటి గుర్తు కనిపిస్తే ఆ చుట్టుపక్కల తవ్వొద్దు. అటవీశాఖ కంచె వేసిన హేచరీల దగ్గరికైతే అసలే వెళ్ళొద్దు. తవ్విన ప్రతి గుంతా పూడ్చాలి, పొద్దున వాకింగ్‌కి వచ్చే పెద్దవాళ్ళ కాలు అందులో పడకూడదు.

ఎవరికి ఏది

పిల్లలతో ఆదివారం సరదాకి, పొడి ఇసుకే చాలనుకుంటే: ఏస్ 250 తరగతిది, సెకండ్ హ్యాండ్ దొరికితే ఇంకా మంచిది. సరదా నిలుస్తుందో లేదో తెలియనివాళ్ళకి కూడా ఇదే. తడి అంచున నడుస్తూ, నీళ్ళలోకి దిగకుండా వారానికోసారి వెళ్ళేవాళ్ళకి వాన్‌క్విష్ 340 లేదా 440. ఇదే నా మొదటి ఓటు. దీన్ని వాడుతూ మోజు ముదిరితే అప్పుడు లెజెండ్ లేదా ఈక్వినాక్స్. సింప్లెక్స్ ఈ రెంటి మధ్యలో ఇరుక్కుంది. గట్టిది, నీళ్ళకి ఆగుతుంది, కానీ మన తడి ఇసుకకి సరిపోదు. పల్లెలో సొంత పొలం ఉండి, అక్కడ పోయిన నాగలి కర్రు, పంపు పైపు వెతుక్కునే పని కూడా ఉన్నవాళ్ళకి మాత్రం సింప్లెక్స్ బాగా కుదురుతుంది.

ఎక్కడ కొన్నా, ఆ కంపెనీకి మన దేశంలో వారంటీ ఎవరు చూస్తారో బిల్లు మీద రాయించుకోండి. మైన్‌ల్యాబ్ పేరుతో నకిలీలు తిరుగుతున్నాయని ఆ కంపెనీయే హెచ్చరించింది, సీరియల్ నంబర్ సరిచూసుకున్నాకే డబ్బు ఇవ్వాలి. షోరూంలో గాలిలో నాణెం చూపించి "చూడండి, పలికింది" అంటే సరిపోదు. గాలిలో అన్నీ పలుకుతాయి. వీలైతే తడి ఇసుక మీద చూపించమనండి. కుదరదంటే, ఒక బకెట్‌లో సముద్రపు ఇసుక, ఉప్పునీళ్ళు పోసి తీసుకెళ్ళి దాని మీద కాయిల్ తిప్పి చూడండి. షాపువాడు వింతగా చూస్తాడు, చూడనివ్వండి.

వెళ్ళే వేళ

మన దగ్గర పోటుకీ పాటుకీ తేడా ఎక్కువ ఉండదు, పెద్దదైనా సుమారు ఒకటిన్నర మీటరు. అది కూడా పౌర్ణమి, అమావాస్యల చుట్టుపక్కలే. ఆ రోజుల్లో నీరు వెనక్కి తగ్గే వేళ చూసుకుని వెళ్తే తడి ఇసుక ఎక్కువ దొరుకుతుంది. అక్టోబరు, నవంబరుల్లో వాయుగుండం దాటాక ఒడ్డు నిలువుగా కోసుకుపోయి మెట్టులా కనిపిస్తుంది. ఆ మెట్టు అడుగున పాత పొరలు బయటపడతాయి, బరువైనవన్నీ అక్కడికే చేరతాయి. నల్ల ఇసుకా అక్కడే చేరుతుంది, కాబట్టి మల్టీ మెషీన్ విలువ తెలిసేదీ అక్కడే. పోర్టు డ్రెడ్జింగ్ ఇసుక తెచ్చి ఆర్కే బీచ్ వైపు పోసినప్పుడు మాత్రం కొన్నాళ్ళు రుషికొండ, సాగర్ నగర్ వైపు వెళ్ళడం మేలు. కొత్త ఇసుక కింద పాతది అందనంత లోతుకి పోతుంది.

ఇంటికొచ్చాక మెషీన్‌ని కొళాయి నీళ్ళతో, ఒత్తిడి లేకుండా కడగాలి. వాన్‌క్విష్, ఏస్ లాంటివైతే కాయిల్, కర్ర మాత్రమే. కర్ర జాయింట్లు విప్పి ఇసుక దులపండి, లేకపోతే ఉప్పు గడ్డకట్టి మళ్ళీ ఊడిరావు. కాయిల్ కింద ప్లాస్టిక్ కవర్ ఉంటుంది, దాన్ని కూడా ఊడదీసి కడగాలి. లోపల నల్ల ఇసుక గుప్పెడు చేరితే మర్నాడు మెషీన్ ఎక్కడ పెట్టినా ఉత్తినే కూస్తుంటుంది, మీరు సెట్టింగులు మారుస్తూ పొద్దంతా గడిపేస్తారు.